ఎవరి ప్రయాణం యాత్ర?

ఈమధ్య తెలుగు స్త్రీల యాత్రాసాహిత్యం మీద జరిగిన ఒక సదస్సుకి వెళ్ళాను. మొదటి సమావేశంలోనే అధ్యక్షురాలు ఎంతో ఆవేదనతో అన్నారు: "మన ఆడవాళ్ళని తరతరాలుగా గడప దాటనివ్వలేదు కదా, ఇంక యాత్రలెలా చేస్తారు, ఎలా రాస్తారు?" అందరం తలలూపాం. నేనూ ఊపాను. పోతం జానకమ్మ 1876లోనే తన ఇంగ్లండు ప్రయాణం గురించి పుస్తకం వెయ్యడం ఎంత అపురూపమో, నాయని కృష్ణకుమారి గారి 'కాశ్మీర దీపకళిక' మనకెందుకు ముఖ్యమో నా పత్రంలో చెప్పాను. చప్పట్లు కొట్టారు.

సాయంత్రం మమ్మల్నందర్నీ వ్యానులో భీమిలి తీసుకెళ్ళారు. డచ్చివాళ్ళ సమాధులు చూశాం. గోస్తని సముద్రంలో కలిసే చోట ఫొటోలు దిగాం. ఒడ్డున వలలు బాగుచేసుకుంటున్న మగవాళ్ళూ, చేపల తట్టల పక్కన కూర్చున్న ఆడవాళ్ళూ ఆ ఫొటోల్లో వెనకాల పడ్డారు. "ఎంత కలర్‌ఫుల్‌గా ఉందో కదా!" అన్నారొకావిడ.

మా అమ్మమ్మ కూర్చునేది అలాంటి తట్ట పక్కనే. ఆ మాట ఆ వ్యానులో నేనెవరికీ చెప్పలేదు. అప్పుడు చెప్పనందుకే ఇప్పుడిది రాస్తున్నాను.

గడప దాటని స్త్రీ ఎవరు? ఆమె ఉంది, కాదనను. ఆమె గోడు మన సాహిత్యమంతా వినబడుతుంది, వినబడాల్సిందే. కానీ ఆమె చరిత్రని 'తెలుగు స్త్రీ' చరిత్ర అనెయ్యడం మనకి ఎప్పుడు, ఎలా అలవాటయింది? వాడబలిజ ఇళ్ళల్లో, జాలారి ఇళ్ళల్లో గడప దాటని ఆడది ఉంటే ఆ పూట పొయ్యి వెలగదు. తెప్ప ఒడ్డుకి రాగానే మగవాడి పని చాలావరకు అయిపోతుంది. అమ్మమ్మ పని అప్పుడే మొదలయ్యేది. నెత్తళ్ళో, కవళ్ళో, కానాగంతలో, ఆ రోజు ఏవి పడితే అవి పాడుకుని, తట్టకెత్తుకుని బయల్దేరేది. సముద్రానికి వీపు పెట్టి లోపలి ఊళ్ళకి నడిచేది. తగరపువలస, ఆనందపురం, పద్మనాభం వైపు. చేపకి ఎండ తగిలితే ధర పడిపోతుంది కాబట్టి అది నడక కాదు, పరుగే. ఏ ఊళ్ళో ఏ రోజు చేప తినరో, ఏ ఇంట్లో డబ్బులిస్తారో, ఏ ఇంట్లో ధాన్యం కొలుస్తారో, ఏ వాకిట్లో దోసిట్లోకి ఎత్తిపోసిన నీళ్ళే తాగాలో, ఎవరి అరుగు మీద మాత్రం కూర్చోవచ్చో ఆమెకి తెలుసు. అప్పులు గోడమీద బొగ్గు గీతలు. కులం గురించి, రుచుల గురించి, ఊళ్ళ గురించి ఇంత ఎరిగిన మనిషిని యాత్రికురాలు అనడానికి మనకి ఏం అడ్డొస్తోంది? రాయలేదనా? రాయడం నేర్పించని వాళ్ళని కదా ఆ మాట అడగాలి.

"శ్రమని యాత్ర అంటే శ్రమ తగ్గుతుందా? దాన్ని రొమాంటిసైజ్ చెయ్యడం కాదా?" అని ఒక స్నేహితురాలు అడిగింది. న్యాయమైన ప్రశ్నే. అమ్మమ్మకి మెడ నరాలు పట్టేసేవి, చివరి రోజుల్లో తల తిప్పలేకపోయేది. అందులో అందమేమీ లేదు. కానీ ఏనుగుల వీరాస్వామి 1830లో కాశీకి బయల్దేరినప్పుడు ఆయన పల్లకీని మోసిన బోయీలు కూడా అన్ని మైళ్ళూ నడిచారు. 1831లో తిరుగుదారిలో శ్రీకాకుళం, విజయనగరం మీదుగా ఈ తీరం వెంబడే దిగివచ్చారు. యాత్ర ఆయనది, నడక వాళ్ళది. ఈ పంపకం మన విమర్శకి ఎన్నడూ ఇబ్బంది కలిగించలేదు. బరువు మోసేవాళ్ళు చూడలేరని, చూసేవాళ్ళు మొయ్యరని ముందే తీర్మానించుకున్నాం. నా పిహెచ్‌డి కూడా ఆ తీర్మానం మీదే నిలబడింది. అంకితం పేజీలో 'అమ్మమ్మకి' అని రాశాను. ఆమె ఏం చేసేదో మాత్రం ఎక్కడా రాయలేదు.

మరో సంగతి. 'ఒంటరి ప్రయాణం' మన స్త్రీవాదానికి ఇప్పుడు చాలా ఇష్టమైన మాట. ఒంటరిగా వెళ్ళొచ్చిన ఆడపిల్ల రాసిన ప్రతి వ్యాసాన్నీ స్వేచ్ఛాపత్రంలా చదువుతున్నాం. నేనూ మురిసిపోయి చదువుతాను. అయితే నిండుతట్టని ఒంటరిగా దించుకోవడం ఎలాగో అవుతుందేమో గానీ, ఒంటరిగా నెత్తికెత్తుకోవడం కుదరదు. చుట్టకుదురు సర్దుకుని వంగితే ఎదుట ఇంకో మనిషి ఉండాలి. అందుకే నలుగురైదుగురు కలిసి బయల్దేరేవారు. ఊరి మొదట్లో విడిపోయి వీధులు పంచుకునేవారు. ఒకరు అమ్మే వీధిలోకి ఇంకొకరు వెళ్ళరు. గొడవపడి మాటల్లేని వాళ్ళు కూడా తట్టకి చెయ్యి వెయ్యకుండా ఉండరు. మన సిద్ధాంతాల్లో ఇలాంటి స్వేచ్ఛకి పేరుందా? నాకు కనబడలేదు.

సాహిత్యం తీరాన్ని పట్టించుకున్నప్పుడైనా ఏం చేసింది? తకళి 'చెమ్మీన్' (1956) అనగానే మనకి గుర్తొచ్చేది కడలమ్మ నమ్మకం: ఒడ్డున భార్య శీలంగా ఉంటేనే సముద్రంలో భర్త బతుకుతాడు. అదే నవలలో కరుత్తమ్మ తల్లి చక్కి చేపలు తీసుకుని ఊళ్ళలోకి వెళ్ళి అమ్ముకొచ్చే మనిషి. చక్కి తట్ట ఎవరికి గుర్తుంది? ఒడ్డున నిలబడి ఎదురుచూసే ఆడది కావాలి కళకి. నడిచిపోయే ఆడది కాదు.

ఇది పుస్తకాల్లో ఆగిపోయే గొడవ అయితే ఇంత కోపం అక్కర్లేదు. తీరాన్ని 'దృశ్యం'గా చూసే చూపే చట్టాల్లోకీ వచ్చింది. 1991 తీరప్రాంత నియంత్రణ నోటిఫికేషన్ ఆటుపోట్ల గీత నుంచి 500 మీటర్ల వరకు నియంత్రణ పెట్టింది. 2019 నాటికి, జనసాంద్రత ఎక్కువగా ఉన్న పల్లెల్లో నిర్మాణాలు చెయ్యకూడని మేర 200 మీటర్ల నుంచి 50కి దిగింది. బీచ్ మీద పర్యాటకుల కోసం తాత్కాలిక పాకలకీ వీలు దొరికింది. 2020లో రుషికొండకి బ్లూఫ్లాగ్ గుర్తింపు వచ్చినప్పుడు మేమంతా సంబరపడ్డాం. ఆ జెండాకి 33 ప్రమాణాలు. నీటి శుభ్రత ఉంది, భద్రత ఉంది, మరుగుదొడ్లున్నాయి. చేపలు ఎండబెట్టుకునే చోటు మాత్రం ప్రమాణం కాదు. వాసన కదా మరి.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం. అందుకు ప్రభుత్వమిచ్చే భృతి 2025లో 20 వేలయింది. మంచిదే. కానీ అది వేటకి వెళ్ళేవాళ్ళ లెక్క. వేట లేకపోతే అమ్మకమూ లేదు కదా, ఆ తట్ట ఏ లెక్కలోది? ఉత్తరాంధ్ర నుంచి గుజరాత్ వేరావల్‌కి వలసపోయి, 2018 నవంబరులో పాకిస్తాన్‌కి చిక్కిన మన మత్స్యకారుల్లో 20 మంది 2020 జనవరిలో వాఘా దాటి వచ్చారు. వాళ్ళ కథ ఆధారంగా 2025లో 'తండేల్' సినిమా వచ్చింది. అందులో ఆడవాళ్ళ ఆందోళనా ఉందనుకోండి. కానీ ఆ ఏడాది పైచిలుకు ఆ ఇళ్ళల్లో అన్నం ఎవరు వండారు, ఎక్కడెక్కడ తిరిగి ఏమమ్మి తెచ్చి వండారు అన్నది ఎవరి కథ?

బస్సు గురించి చెప్పాలి. నేను ఇంటర్ చదువుతున్నప్పుడు ఒకరోజు కాలేజీ నుంచి తిరిగొస్తున్న బస్సులోకి అమ్మమ్మ ఎక్కింది, ఖాళీ తట్టతో. జనం ముక్కులు మూసుకున్నారు. కండక్టరు దిగమన్నాడు. ఆమె నన్ను చూసింది. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. బస్సు కదిలిపోయింది. చీకటిపడ్డాక ఇంటికొచ్చిన అమ్మమ్మ అడిగిన మాట ఒక్కటే: "సీటు దొరికిందేటే నీకు?"

కేరళలో చేపలమ్మే స్త్రీలు బస్సులో చోటు కోసం దశాబ్దాల కిందటే పోరాడారు. 2021 ఆగస్టులో తిరువనంతపురంలో వాళ్ళకోసమే 'సముద్ర' అని ఉచిత బస్సులు మొదలయ్యాయి. మన దగ్గర 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీలకి బస్సు టికెట్టు లేదు. ఇది చిన్న విషయం కాదు, దీన్ని ఎద్దేవా చేసేవాళ్ళతో నాకు చుట్టరికం లేదు. మొన్న భీమిలిలో ఒకామె మాత్రం నవ్వుతూ అంది: "నాకు టిక్కెట్టు నేదు సరే, మరి తట్టకి సీటుందేటి?"

ఆ సదస్సు తర్వాత ఒక సంకలనం వేస్తున్నారు. అమ్మమ్మ తిరిగిన దారిని మా అమ్మ చేత చెప్పించి, ఆమె యాసలోనే రాసి పంపాను. 'బాగుంది కానీ ఇది శ్రమకథనం, యాత్రాకథనం కాదు. మరో సంచికకి వాడుకుంటాం' అని జవాబొచ్చింది. నేను ఒప్పుకోలేదు. యాత్రల సంకలనంలోనే వెయ్యమని మళ్ళీ రాశాను. ఇంకా జవాబు రాలేదు. ఈలోగా అమ్మ ఆ రాతప్రతి చదివించుకుని, ఒక తప్పు పట్టుకుంది. ఆనందపురం దారిలో తట్టలు దించేది రావిచెట్టు కింద అని రాశాను. కాదట, చింతచెట్టట. అక్కడ రాతిబల్ల ఉండేదట. ముందొచ్చినవాళ్ళు వెనకొచ్చేవాళ్ళ కోసం అక్కడే ఆగేవాళ్ళట, మళ్ళీ ఎత్తడానికి చెయ్యి కావాలి కదా. దిద్దాను.