నూలు మాది, పేరు ఎవరిది?

మొన్న నా పాత విద్యార్థిని ఒకమ్మాయి ఫోన్ చేసింది. పొందూరు దగ్గర ఊరు, మాలపేట. వాళ్లమ్మ ముప్పై ఏళ్లుగా రాట్నం ముందు కూర్చున్న మనిషి. సొంతంగా పత్తి కొని వడికిన నూలుతో నాలుగు పంచెలు నేయించారు. ఈ పిల్ల వాటిని ఆన్‌లైన్‌లో పెట్టి ‘పొందూరు ఖాదీ’ అని రాసింది. రెండో రోజుకే తీసేశారు.

"మా యమ్మ వడికినదాన్ని ఖాదీ అనడానికి కాయితాలేటి సార్?" అంది.

కాయితాలే మరి! 2013 ఖాదీ మార్క్ నిబంధనల ప్రకారం ఆ మార్క్ లేకుండా ఏ బట్టనూ ఖాదీ పేరుతో అమ్మకూడదు. ఆ పేరు మీద ట్రేడ్‌మార్క్ ఖాదీ కమిషన్‌ది. 2020లో కమిషన్ అమెజాన్, ఫ్లిప్‌కార్ట్, స్నాప్‌డీల్ నుంచి 160కి పైగా లింకులు తీయించింది. మంచిదే. మిల్లు బట్టకు ఖాదీ చీటీ అంటించేవాడి మీద కోపం నాకూ ఉంది. కానీ దొంగ కోసం వేసిన తాళం ఇంటామెను బయట నిలబెడితే ఏమనాలి?

జీఎస్టీ సంగతీ అంతే. ధ్రువీకరణ ఉన్న సంస్థ అమ్మితే ఖాదీ బట్ట మీద జీఎస్టీ లేదు. అదే బట్టను ఈ అమ్మాయి ఆన్‌లైన్‌లో పక్కనున్న ఒడిశాకు అమ్మాలంటే ముందు జీఎస్టీ నంబరు తెచ్చుకోవాలి. 2023 అక్టోబరులో చిన్న అమ్మకందారులకిచ్చిన సడలింపు రాష్ట్రం సరిహద్దు దగ్గరే ఆగిపోయింది.

వాలుగ చేప దవడతో కొండపత్తిని శుభ్రం చేసి, ఏకులు చేసి, వంద కౌంటు నూలు తీసే ఆడవాళ్లు పొందూరుకి పేరు తెచ్చారు. బిల్లు మీద మాత్రం సంస్థ పేరే ఉంటుంది. వాళ్ల పేరు ఎక్కడా ఉండదు.

కొల్హాపురి చెప్పులు చూడండి. కుట్టేది ఎక్కువగా మనవాళ్లే. 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. హక్కుదారులు రెండు ప్రభుత్వ తోలు కార్పొరేషన్లు. 2025లో ప్రాడా ఆ నమూనాను మిలాన్‌లో నడిపించింది. కొందరు న్యాయవాదులు బొంబాయి హైకోర్టుకు వెళితే, హక్కుదారులే రావాలంటూ జూలైలో పిటిషన్ కొట్టేసింది. పేరు ఎవరి ఆస్తో మాట్లాడే హక్కు వాళ్లదే. కుట్టిన చెయ్యి ప్రేక్షకుల్లో కూర్చోవాలి.

ఊరు మనల్ని పనిని బట్టి పిలిచింది. ఆ పనికి ధర పలికే రోజు వచ్చేసరికి, పని పేరు వేరేవాళ్ల ఆస్తి అయిపోయింది. వృత్తి, వ్యాపారం చేసుకునే హక్కు ఆర్టికల్ 19(1)(జి)లో ఉంది. దాన్ని రాట్నం దాకా తేవడం ఎవరి పని?

నకిలీలను వదిలేయమని నేననను. వడికేవాళ్ల, నేసేవాళ్ల సంఘాలకు వాళ్ల పేరు మీదే ఖాదీ మార్క్ ఇవ్వండి. తనిఖీకి మీరే ఊళ్లోకి రండి. ప్రతి పంచె చీటీ మీద వడికినామె పేరు అచ్చేయండి. చేతిపని చేసేవాళ్లకు జీఎస్టీ సడలింపును ఇచ్ఛాపురం దాటించండి.

ఆ నాలుగు పంచెలు ఇంకా ఆ ఇంట్లోనే మడతలు పెట్టి ఉన్నాయి.

జై భీమ్.