గట్టు తగవు – గ్రామసభ
సంపాదకులు గారికి,
అయ్యా,
భారతీయ న్యాయ సంహిత 2024 జూలై 1న అమలులోనికి వచ్చినది మొదలు న్యాయము స్వదేశీయమైనదని పలువురు సంతోషించుచున్నారు. పేరు మారినది, వాయిదాలు మారలేదు. ఇచ్చట గుమాస్తాగా ఉన్న రోజులలో, గట్టు తగవుకై కొండ దిగి వచ్చిన కోందులు, అర్జీలో ఏమున్నదో తెలియకయే వేలిముద్ర వేయుట నేను చూచితిని. అర్జీ వ్రాసినవాడు మాత్రము కూలి ముందే పుచ్చుకొనెడివాడు.

ఆచారరీతిని తగవులు తీర్చుకొను పద్ధతిని కాపాడు అధికారము 1996 నాటి పెసా చట్టము గ్రామసభకే ఇచ్చినది. 2013లో సుప్రీంకోర్టు ఆదేశముపై 12 గ్రామసభలు కూడి నియమగిరిలో బాక్సైటు తవ్వకమును నిరాకరించినవి గదా! కొండను కాపాడుకొన్నవారు గట్టు తగవు తీర్చుకొనలేరా? చిన్న తగవులు ముందుగా సభకే పంపవలెను.

అయితే పెద్దలు వెలివేసి జరిమానా గుంజు పద్ధతికి నేనొప్పను. సభలో ఆడవారు కూర్చుండి మాటాడవలెను. తీర్పు నచ్చనివారికి కోర్టు తలుపు తెరచియుండవలెను.

– ఒక విశ్రాంత గుమాస్తా, రాయగడ