టెలిఫోను వంచన - మన కర్తవ్యము

పూర్వము దొంగ గోడకు కన్నము వేసి, అర్ధరాత్రమున ఇంట జొరబడెడివాడు. నేటి దొంగ పట్టపగలు టెలిఫోను మ్రోగించి, గృహస్థుచేతనే తాళము తీయించి, ధనమును అందింపజేసికొనుచున్నాడు. సైబరు మోసములవలన దేశప్రజలు 2023లో పోగొట్టుకొన్న సొమ్ము 7,465 కోట్ల రూపాయలనియు, 2024లో అది 22,845 కోట్లకు పెరిగినదనియు కేంద్ర హోంమంత్రిత్వ శాఖ పార్లమెంటునకు తెలిపినది. ఒక్క యేడాదిలో మూడింతలు! ఇది కోటీశ్వరుల ఇనుపపెట్టెలలోని ధనము మాత్రమే కాదు. పింఛనుదారుడు జీవితకాలము కూడబెట్టినది, ఆడపిల్ల పెండ్లికై దాచినది, ధాన్యమమ్మిన రైతు ఖాతాలో నిన్న పడినది, అన్నియు వంచకుని వలలోనివే.

ఈ వంచకుల వేషములు పెక్కు. ఒకడు బ్యాంకు ఉద్యోగినని చెప్పి, కేవైసీ గడువు నేటితో ముగియునని తొందరపెట్టును. ఒకడు పోలీసు దుస్తులు ధరించి వీడియోలో ప్రత్యక్షమై, మీ పేర వచ్చిన పార్సిలులో మాదకద్రవ్యములు దొరకినవనియు, గది విడిచి కదలరాదనియు, భార్యకు సైతము చెప్పరాదనియు శాసించును. దీనికే 'డిజిటల్ అరెస్టు' అని పేరు. వేరొకడు, గల్ఫులోనో అమెరికాలోనో ఉన్న కుమారుడు చిక్కులో పడినాడని తల్లిని ఏడిపించును. వేషములు వేరైనను లక్షణములు మూడే: భయమో ఆశయో పుట్టించుట, ఆలోచించుటకు వ్యవధి నీయకుండుట, ఇతరులతో చెప్పనీయకుండుట. ఈ మూడును కలిసినచోట వంచన యున్నదని నిశ్చయించుకొనవచ్చును.

చట్టము నెరిగినవాడు ఈ బెదిరింపునకు లొంగడు. భారతదేశపు ఏ చట్టమునందును 'డిజిటల్ అరెస్టు' అను మాట లేదు. నిర్బంధింపబడినవానిని, ప్రయాణకాలము మినహా, 24 గంటలలో మేజిస్ట్రేటు ఎదుట హాజరుపరుపవలెనని రాజ్యాంగపు 22వ అధికరణము విధించుచున్నది. నాగరిక సురక్షా సంహిత 35వ సెక్షను క్రింద పోలీసులిచ్చు నోటీసును సైతము వాట్సాపు ద్వారా పంపరాదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో ఆదేశించినది. కేసు తీసివేయుటకై ఫలానా ఖాతాకు సొమ్ము పంపుమనుట ఏ అధికారి విధియు కాదు. బ్యాంకు ఓటీపీని అడుగదు. సొమ్ము పుచ్చుకొనుటకు యూపీఐ పిన్ను అక్కరలేదు. అధికారి పేరు విన్నంతనే వణకు అలవాటు పరపాలనలో మనకబ్బినది. స్వతంత్రదేశపు పౌరుడు దానిని విడనాడవలెను. ఫోను పెట్టివేసి, బ్యాంకు శాఖకో పోలీసు స్టేషనుకో స్వయముగా పోయి విచారించిన చాలును.

సొమ్ము పోయిన పిమ్మట చేయవలసినదేమి? డెల్టావాసులకు వేరుగ చెప్పనక్కరలేదు. కాలువగట్టునకు గండి పడిన తొలి గడియలో నాలుగు బస్తాల మట్టితో పూడును. తెల్లవారినచో ఊరంతయు కదిలినను పూడదు. వంచకులు సొమ్మును నిమిషములలో ఒక ఖాతానుండి పలు ఖాతాలకు చీల్చి తరలింతురు. ఆలోపుననే 1930 సంఖ్యకు ఫోను చేసినచో, వార్త బ్యాంకులకంది, ఖాతాలలో నిలిచియున్నంత మేరకైనను సొమ్మును ఆపుటకు వీలగును. ఉప్పు సత్యాగ్రహము జరిగిన సంవత్సరమే ఈ సంఖ్య, మరచుటకు వీలులేదు. పిమ్మట తన బ్యాంకునకు గూడ తెలుపవలెను. ఖాతాదారుడే అజాగ్రత్తతో రహస్యసంఖ్య చెప్పినను, బ్యాంకునకు తెలిపిన తరువాత కలుగు నష్టము బ్యాంకే భరింపవలెనని రిజర్వు బ్యాంకు 2017 జూలైలో ఉత్తరువు చేసినది. పిలిచిన సంఖ్యను, సందేశములను చెరపక దాచవలెను. సొమ్ము పోకున్నను, అనుమానపు పిలుపును 'సంచార్ సాథీ'లోని 'చక్షు' విభాగమున తెలుపవచ్చును.

అయినను పెక్కుమంది నోరు మెదపరు. కారణము సిగ్గు. కన్నము పడిన ఇంటివానిని ఊరు పరామర్శించును. టెలిఫోనులో వంచింపబడినవానిని పరిహసించును. ఇది ఏమి న్యాయము? వంచకుని శిక్షించుటకు న్యాయ సంహితలో 318, 319 సెక్షనులును, సమాచార సాంకేతిక చట్టమున 66డి సెక్షనును కలవు. మోసపోవుట ఏ సెక్షను క్రిందను నేరము కాదు. మన పరిహాసమే దొంగకు పెట్టనికోట యగుచున్నది.

మరియొక మాట. ఈ దొంగలు ఎక్కడివారో యనుకొనుట పొరపాటు. ఉద్యోగముల ఆశ చూపి మన యువకులను కంబోడియాకు తరలించి, అచట వారిచేత బలవంతముగ ఈ పనియే చేయించుచున్న ముఠాను 2024 మేలో విశాఖపట్టణపు పోలీసులు బయటపెట్టిరి. స్వల్ప కమీషనునకాశపడి తన బ్యాంకు ఖాతాను పరులకు అద్దెకిచ్చు యువకుడును తెలిసియో తెలియకయో దొంగసొత్తునకు త్రోవ చూపుచున్నాడు. తలిదండ్రులు ఈ విషయమును పిల్లలకు నచ్చజెప్పవలెను.

నిడదవోలు పౌరులకు మా విన్నపమిది. ప్రతి వీధిలోను ఇద్దరు యువకులు పూనుకొని, వృద్ధుల ఇండ్లకు పోయి, ఆ నాలుగంకెల సంఖ్యను గోడపై పెద్దక్షరములతో వ్రాసి రావలెను. వృద్ధుడొకడు కంగారుతో డిపాజిట్టు రద్దుచేయ వచ్చినచో, బ్యాంకువారు ఒక్క నిమిషము కూర్చుండబెట్టి కారణమడుగవలెను. ఫిర్యాదుకు వచ్చినవానిని పోలీసులు మందలింపక వ్రాసికొనవలెను. మోసపోయినవాడు తలవంచుకొనక ఊరికి చాటవలెను. వాని మాట వలన ప్రక్కయింటి సొమ్ము దక్కును.