సముద్రం నీలంగానే ఉండాలా?

మా పాప రెండో తరగతి. ‘మన ఊరి సముద్రం’ అని ఆర్ట్ ప్రాజెక్టు ఇచ్చారు. మేముండేది విశాఖ వన్‌టౌన్‌లో. పోర్టు వైపు నుంచి ఎగిరొచ్చే బొగ్గుదుమ్ము మా కిటికీ చువ్వల మీద రోజూ పేరుకుంటుంది. పొద్దున్న తుడిస్తే సాయంత్రానికి మళ్ళీ అంతే. ఆ తుడిచే పని ఎవరిదో మీకు చెప్పక్కర్లేదు. పాప ఆ దుమ్ములో వేలు అద్ది కాగితం మీద రుద్దింది. ఆకాశమూ సముద్రమూ ఒకటే బూడిదరంగు. మధ్యలో ఎర్రటి ఓడ. ఓ మూల చేతిలో గుడ్డతో నేను.

కాగితం తిరిగొచ్చింది. ‘నీట్‌గా లేదు. సముద్రం నీలం’ అని రాసి, మర్నాటికి మళ్ళీ చేసి తెమ్మన్నారు.

రాత్రి పదిన్నరకి ఆ ప్రాజెక్టు చేసింది నేను. థర్మోకోల్, నీలం చార్టు, దూది మబ్బులు. ‘వెరీ గుడ్’ వచ్చింది. నలభై దాటాక కళలో నాకు దక్కిన తొలి గుర్తింపు!

కింది వాటా ఆవిడ ఇంట్లోనూ ఆ రాత్రి లైటు వెలుగుతూనే ఉంది. పిల్లల సృజన పేరుతో జరుగుతున్నది తల్లుల వెట్టిచాకిరీ. నాన్న ఫెవికాల్ కొనుక్కొస్తే అదే పెద్ద సహకారం. 2005 జాతీయ పాఠ్యప్రణాళికా చట్రంలో భాగంగా వచ్చిన కళల పత్రం పదో తరగతిదాకా కళల్ని తప్పనిసరి చెయ్యాలంది. 2020లో సి.బి.ఎస్.ఇ. కళతో ముడిపెట్టిన ప్రాజెక్టుల్ని తప్పనిసరి చేసింది. మంచిదే. కానీ మా బళ్ళో దానికో గంట లేదు, బొమ్మలు నేర్పే మనిషీ లేదు. ఇక తప్పనిసరి అయింది ఎవరికి?

టీచరమ్మని తిట్టి ఊరుకోలేను. ఆమెకీ ఇంట్లో బడికెళ్ళే పిల్లాడున్నాడు, వాడి దూది మబ్బులు ఆమే అతికించి ఉంటుంది. గోడ మీద నలభై బొమ్మలూ ఒకేలా కనబడాలని ఆమె మీద ఒత్తిడి.

నా కోపం ఇంకోచోట. ఏడేళ్ళ పిల్లకి రంగంటే తను చూసినది. దాన్ని తప్పని దిద్దడమంటే నీ కళ్ళని నమ్మకు అని చెప్పడమే. చూసింది చెప్పకు, చెప్పినా అందంగా చెప్పు అని ఆడపిల్లలకి ఇళ్ళల్లో ఎలాగూ నేర్పుతున్నాం. డ్రాయింగు పీరియడ్ కూడా అదే పనికి పూనుకుంటే ఎలా? గాజువాక పిల్ల ఉక్కు ఫ్యాక్టరీ పొగగొట్టాలు గీస్తే, పోర్టు కోసం ఒడ్డు వదులుకున్న గంగవరం జాలరి ఇంటి పిల్ల ఖాళీ పడవ గీస్తే ఎక్కడ తగిలిస్తారు? రెండు కొండలూ, నడుమ సూర్యుడూ, పక్కన గుడిసే ఉన్న ‘సీనరీ’ మాత్రం ఏ గోడకైనా ఇముడుతుంది. యారాడ కొండ కళ్ళెదుటే ఉన్నా దాన్ని చూసి గియ్యమన్నవాళ్ళు లేరు.

దీనికి పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. చుక్కలు లెక్కపెట్టి ముగ్గేసే అమ్మమ్మని ఒక పూట బడికి పిలవచ్చు. ఆవిడది కళ అని ఇంతవరకూ ఎవరూ ఆవిడకి చెప్పలేదు. ఏటికొప్పాక ఇక్కడికి దగ్గరే. అంకుడు కర్రకి లక్క ఎలా పడుతుందో, గింజల్లోంచీ బెరళ్ళలోంచీ రంగెలా వస్తుందో పిల్లలు స్వయంగా చూడచ్చు. 2017లో ఆ బొమ్మలకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. మా బడి వాటిని ముఖ్య అతిథికిచ్చే జ్ఞాపికలుగానే ఎరుగును.

మొన్న తల్లిదండ్రుల సమావేశంలో (వచ్చినవాళ్ళంతా తల్లులే) అడిగాను: ప్రాజెక్టులు బళ్ళోనే చేయించండి, ఇంటికి పంపకండి, మరకలున్నవాటితో సహా అన్నీ గోడకి పెట్టండి అని. ప్రిన్సిపాల్ గారు నవ్వారు.

“ఎగ్జిబిషన్‌కి పెద్దవాళ్ళొస్తారు కదమ్మా, బాగుండదు.”