టవర్ వచ్చిన అడవికి కెమెరా వస్తే

అమెరికాలోని అరిజోనా ఎడారి రాష్ట్రం. అడవి జంతువులకు నీళ్లు దొరికే గుంటలు అక్కడ కొన్నే. ఆ గుంటల చుట్టూ వేటగాళ్లు, జంతువు కదిలితే తమంతట తామే ఫొటో తీసే ట్రైల్ కెమెరాలు పోటీపడి బిగించారు. వాటిలో సిమ్ కార్డు ఉన్న రకమైతే, జింక దాహానికి వచ్చిన మరునిమిషంలోనే ఫొటో యజమాని ఫోన్‌కు చేరుతుంది. గొడవలు ముదిరాక 2022 జనవరి 1 నుంచి వేటకోసం ట్రైల్ కెమెరాలు వాడడాన్నే ఆ రాష్ట్రం నిషేధించింది. యూటా, నెవాడా కూడా వేట కాలంలో ఆంక్షలు పెట్టాయి. థియోడర్ రూజ్‌వెల్ట్ 1887లో స్థాపించిన బూన్ అండ్ క్రాకెట్ క్లబ్ వేటగాళ్ల సంఘమే. ఎప్పటికప్పుడు ఫొటో పంపే కెమెరా సాయంతో చేసే వేట న్యాయమైన వేట కాదని అది కూడా తేల్చింది. జంతువుకు తప్పించుకునే సందు మిగిలిందా లేదా అన్నదే అక్కడి తగాదా.

మన దేశంలో ఆ తగాదాకే తావు లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తొమ్మిదో సెక్షన్ వేటను నిషేధించింది. ఆదివాసీకి ఎన్నో హక్కులు గుర్తించిన 2006 అటవీహక్కుల చట్టం సైతం సంప్రదాయ వేటను మాత్రం పేరుపెట్టి మినహాయించింది. అందువల్ల అక్కడ వేటగాడి చేతిలో ఉన్న పరికరం ఇక్కడ అటవీశాఖ చేతికి వస్తుంది. దాని ముందు నుంచి నడిచేది జంతువు ఒక్కటే కాదు, మనిషి కూడా.

ఈ మాట ఛత్తీస్‌గఢ్‌లోని దోర్నపాల్ గురించి చెప్పడానికి కారణం ఉంది. సుక్మా, కుంట మధ్య శబరి నది పక్కన ఉన్న ఊరది. నదికి ఆవలి ఒడ్డు ఒడిశాలోని మల్కన్‌గిరి. దక్షిణానికి కుంట దాటితే మన చింతూరు. దొర్ల, గోండీ, తెలుగు, హిందీ ఒకే సంతలో వినబడతాయి. 2005లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం మొదలయ్యాక ఊళ్లు ఖాళీ చేయించి జనాన్ని తెచ్చి పెట్టిన పెద్ద శిబిరాల్లో దోర్నపాల్ ఒకటి. అప్పుడు పారిపోయినవారిలో చాలామంది నేడు భద్రాద్రి, ములుగు అడవుల్లో గొత్తికోయలుగా బతుకుతున్నారు. ఇక్కడి నుంచి జగర్‌గుండకు పోయే దారి మందుపాతరలకు పేరుమోసింది. ఆ దారిలోని చింతల్‌నార్ సమీపంలోనే 2010 ఏప్రిల్ 6న మావోయిస్టుల దాడిలో 76 మంది భద్రతా సిబ్బంది చనిపోయారు.

ఇప్పుడు పరిస్థితి మారింది. రోడ్డు పడింది, వరసగా భద్రతా బలగాల క్యాంపులు వెలిశాయి, వాటి వెంట టవర్లు వచ్చాయి. మావోయిస్టు ప్రభావిత ప్రాంతాల్లో 2,343 టవర్లను 2జీ నుంచి 4జీకి మార్చే పనికి 2022 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. సిగ్నల్ లేనిచోట సిమ్ కెమెరా మామూలు కెమెరాయే. ఫొటో కార్డులోనే ఉండిపోతుంది. సిగ్నల్ వస్తేనే దానికి నోరు వస్తుంది. ఉత్తరాన కాంగేర్ లోయ, పడమర పామేడు, ఇంద్రావతి, దక్షిణాన పాపికొండలు ఉన్న ఈ నడిమి అడవిలో ఏ జంతువు ఎంత మిగిలిందో తెలుసుకోవాలంటే కెమెరాలు తప్పవు కూడా. ఛత్తీస్‌గఢ్‌లో పులులు 2014 లెక్కలో 46, 2018లో 19, 2022లో 17. దశాబ్దాలపాటు తుపాకుల నీడలో ఉన్న అడవి జంతువులకు క్షేమమని నమ్మేవారు ఈ అంకెలు ఒకసారి చూడాలి.

కెమెరా కొత్తదేమీ కాదు. దారికి అడ్డంగా తీగ కట్టి, పులి కాలు తగిలితే వెలుగు పడేలా అమర్చి, 1920లలోనే ఛాంపియన్ అనే బ్రిటిష్ అటవీ అధికారి ఉత్తర భారత అడవుల్లో ఫొటోలు తీశాడు. చారలను బట్టి పులులను విడివిడిగా గుర్తించి లెక్కగట్టే పద్ధతిని 1990లలో వన్యప్రాణి శాస్త్రవేత్త ఉల్లాస్ కారంత్ కర్ణాటకలోని నాగరహొళెలో నిలబెట్టారు. రెండు పక్కల చారలు వేరు కాబట్టి దారికి అటొకటి ఇటొకటి కెమెరా పెడతారు. వేడి ఉన్న శరీరం కదిలితే సెన్సర్ పసిగడుతుంది, రాత్రయితే కంటికి కనబడని పరారుణ కాంతిలో ఫొటో తీస్తుంది. 2018-19 పులుల గణనలో దేశంలో 26,838 చోట్ల పెట్టిన కెమెరాలు దాదాపు మూడు కోట్ల 48 లక్షల ఫొటోలు తీశాయి. గిన్నిస్ రికార్డు కూడా దక్కింది. వాటిలో పులులవి 76,651. మిగతా కోట్ల ఫొటోల్లో జింకలు, పశువులు, ఊగే కొమ్మలు, మనుషులు. ఆ మనుషుల ఫొటోలు ఎవరి దగ్గర ఉన్నాయని అడిగినవారు తక్కువ.

సిమ్ కెమెరాతో మేలు లేదని అనను. ఒడిశాలోని సిమిలిపాల్‌లో 2023 మే, జూన్‌లలో వేటగాళ్ల కాల్పులకు ఇద్దరు అటవీ సిబ్బంది బలయ్యారు. తర్వాత అక్కడ ట్రైల్‌గార్డ్ అనే కెమెరాలు పెట్టారు. వచ్చింది మనిషా, జంతువా, బండా అని కెమెరాయే తేల్చుకుని అర నిమిషంలో ఫొటో పంపుతుంది. పదుల సంఖ్యలో వేటగాళ్లు దొరికారు. చీకట్లో కర్రతో తిరిగే బీట్ గార్డుకు ఎదురుగా నాటు తుపాకీ ఉందని ముందే తెలియడం చిన్న సంగతి కాదు.

అయితే ఉత్తరాఖండ్‌లోని కార్బెట్ అనుభవాన్నీ పక్కనే పెట్టుకుని చూడాలి. 2017లో అక్కడి అడవిలో బహిర్భూమికి వెళ్లిన ఒక మహిళ ఫొటో పులుల కెమెరాలో పడింది. ఆమె ఆటిజంతో బాధపడుతున్న మనిషి. ఆ ఫొటో ఊరి ఫేస్‌బుక్, వాట్సాప్ గుంపుల్లోకి పాకింది. జనం కోపంతో కెమెరాలు పగలగొట్టారు. కేంబ్రిడ్జి పరిశోధకుడు త్రిశాంత్ సిమ్లాయ్ 270 మందితో మాట్లాడి 2024లో ప్రచురించిన అధ్యయనంలో ఇంకో సంగతి ఉంది. అడవికి వెళ్లే ఆడవాళ్లు జంతువులు తప్పుకోవాలని గట్టిగా పాడుకుంటూ, మాట్లాడుకుంటూ నడుస్తారు. కెమెరా చూస్తోందన్న బెరుకుతో గొంతు తగ్గించారు. ఆయనతో మాట్లాడిన ఒక మహిళ తర్వాత పులి దాడిలో చనిపోయింది. కెమెరా వల్లే చనిపోయిందని అనలేం గానీ, గొంతు తగ్గించి నడిస్తే ప్రమాదం పెరుగుతుందన్నది నిజం.

దోర్నపాల్ చుట్టుపక్కల మార్చి, ఏప్రిల్ వస్తే తెల్లవారకముందే ఆడవాళ్లు, పిల్లలు ఇప్పపూలకు అడవిలోకి వెళతారు. మేలో తునికాకు. ఆ రోజుల్లోనే కోయల భూమి పండుగ. విత్తనాలకు పూజ చేసి మగవాళ్లు విల్లంబులతో గుంపుగా వేటకు వెళ్లడం ఆనవాయితీ. చట్టం దృష్టిలో అది నేరమే. ఏడాదికోసారి ఆచారంగా జరిగే ఆ వేటను, పులిగోళ్ల బేరగాడి వేటను సెన్సర్ విడదీయలేదు. పైగా చెట్టుకు సిమ్ ఉన్న పెట్టె కనబడితే ఇక్కడివాళ్లు అది పులి కోసం పెట్టిందని నమ్మరు. పోలీసు ఇన్‌ఫార్మర్ అన్న అనుమానానికి ఒకవైపు, మావోయిస్టు కొరియర్ అన్న అనుమానానికి మరోవైపు ప్రాణాలు పోయిన నేల ఇది. అటవీశాఖ ఫొటో పోలీసు ఫైల్లోకి చేరదన్న హామీ ఎక్కడ రాసి ఉంది? వ్యక్తిగత డేటా రక్షణకు 2023లో చట్టమైతే వచ్చింది గానీ, ప్రభుత్వ సంస్థలకు మినహాయింపులిచ్చే వీలు అందులోనే ఉంది.

వేటగాళ్లే ఈ కెమెరాలు కొనుక్కుంటారన్న భయం మాత్రం నాకు పెద్దగా లేదు. ఆధార్‌తో తీసుకున్న సిమ్‌ను అడవిలో వదిలి రావడమంటే చిరునామా రాసి పెట్టి రావడమే. మన దగ్గర వేటగాడికి అంతకన్నా చవకైనది ఉంది, లైన్ నుంచి లాగిన కరెంటు తీగ. 2024 ఫిబ్రవరిలో భూపాలపల్లి జిల్లా అడవిలో అలాంటి తీగ తగిలి గ్రేహౌండ్స్ కానిస్టేబుల్ ఒకరు చనిపోయారు. ఆ తీగను తీసే లైన్‌మన్, ఉచ్చులు ఏరే వాచర్ ఊళ్లో లేనప్పుడు కెమెరా పంపే ఫొటో ఎవరిని లేపుతుంది?

కాబట్టి కెమెరా కన్నా ముందు నిబంధన రావాలి. అటవీహక్కుల చట్టం ఐదో సెక్షన్ వన్యప్రాణులను కాపాడే అధికారాన్ని గ్రామసభకూ ఇచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గ్రామసభలను బలపరిచే పెసా చట్టం కింద ఛత్తీస్‌గఢ్ 2022లో నియమాలు కూడా తెచ్చుకుంది. కెమెరా ఎక్కడ పెట్టాలో గ్రామసభ తీర్మానించాలి. చెలమల దగ్గర, ఇప్పచెట్ల కింద, బహిర్భూమి దారుల్లో పెట్టకూడదు. కేసుకు సంబంధం లేని మనిషి ఫొటో గడువులోగా చెరిపేయాలి. వాచర్ ఉద్యోగాలు ఆ ఊళ్ల యువకులకే ఇవ్వాలి. జగర్‌గుండ దారిలో మొదటి కెమెరా చెట్టుకు కట్టకముందే ఛత్తీస్‌గఢ్ అటవీశాఖ ఈ నిబంధనలు రాసి, గోండీలో, దొర్లలో, తెలుగులో ఊరూరా చదివి వినిపించాలి.