పాతిపెట్టుటకు ముందు

శిథిలమైన ఖురాన్ ప్రతులను, పంజ్‌సూరాలను మనవారు పారవేయరు. శుభ్రమైన వస్త్రములో చుట్టి, కాలు తగులని చోట పాతిపెట్టుదురు. లేదా పారు నీటిలో విడుతురు. ఇది భక్తితో చేయు పని. దీనిని మేము ఆక్షేపించుట లేదు. అయితే ఆ మూటలో చేతివ్రాత ప్రతి యున్నదేమో చూచువారెవరు?

అచ్చు పుస్తకములకు అలవాటుపడిన మన విద్యార్థులకు ఆనాటి శ్రమ తెలియదు. కాగితమునకు గంజి పూసి, నున్నని రాతితో రుద్ది మెరుగు పెట్టెడివారు. దీపపు మసిలో జిగురు కలిపిన సిరాతో, రెల్లు కలముతో లేఖకుడు వ్రాసెడివాడు. పిమ్మట ప్రతి చిత్రకారుని చేతికి పోయెడిది. బంగారు రేకును జిగురుతో నూరి పూతగా వాడిరి. మేలైన నీలిరంగునకు బదఖ్షాన్ గనుల లాజవర్ద్ రాయి కావలెను. ఖురాన్ ప్రతులలో మనుష్యరూపములు చిత్రించరు గనుక కళ యంతయు తీగలలోను, పుష్పములలోను, ఆయత్తుల నడుమనుండు బంగారు గుర్తులలోను ప్రవేశించినది.

వీనికి శత్రువులనేకములు. మసిసిరా శతాబ్దములు గడచినను వెలవదు, కాని నీరు తగిలినచో కరగును. రాగితో చేసిన ఆకుపచ్చ రంగు తన క్రింది కాగితమునే తినివేయును. పురుగులు తినకుండుటకు పూర్వులు పుటపై "యా కబీకజ్" అని వ్రాసెడివారు. (వేపాకు పెట్టుట కూడ మంచిదని మా అభిప్రాయము.) మన ప్రాంతమునకు గోదావరి భయము అదనము. భద్రాచలము వద్ద నీటిమట్టము 1986 ఆగస్టులో 75.6 అడుగులకు, 2022 జూలైలో 71 అడుగులకు పైగా పెరిగినది.

హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియములో, 13వ శతాబ్దమున బాగ్దాదులో ప్రసిద్ధుడైన లేఖకుడు యాకూత్ ముస్తాసిమీ వ్రాసిన ఖురాన్ కలదు. దానిపై జహంగీర్, షాజహాన్, ఔరంగజేబుల సంతకములున్నవి. పాదుషాలు దాచిన గ్రంథమునకు కావలి దొరకినది. పల్లె మసీదు అలమరలోని ప్రతికి అట్టి సంతకము లేదు. దానిని మనమే చూడవలెను.

కళాశాల కమిటీవారికి మా మనవి ఇది. ఈ సెలవులలో ఉర్దూ విద్యార్థి యొకడు, తెలుగు విద్యార్థి యొకడు జంటగా పోయి, పెద్దల అనుమతితో అట్టి మూటలను విప్పించవలెను. వుజూ చేసినవారే పుటలు త్రిప్పవలెను. లేఖకుని పేరు, హిజ్రీ సంవత్సరము, పుటల సంఖ్య రిజిష్టరులో ఎక్కించవలెను. ప్రతి ఆ ఇంటనే ఉండును. తాళపత్రములున్న ఇండ్లకును ఇదే రిజిష్టరు చాలును. దాని ఖర్చు మేము భరించెదము.