మెట్ల ఊళ్ళు, నిమ్మ పందిళ్ళు

ఇటలీ వెళ్ళొచ్చినవాళ్ళ ఫోటోలు ఈమధ్య మన ఇళ్ళల్లో బాగానే కనిపిస్తున్నాయి. అబ్బాయికి జర్మనీలో ఉద్యోగం, అమ్మానాన్నా చూడ్డానికి వెళ్తారు, వాళ్ళని ఓ వారం ఇటలీ తిప్పుతాడు. ఆ ఫోటోల్లో ఒకటి తప్పకుండా ఉంటుంది. కింద నీలంగా సముద్రం, దాని మీదకి ఒరిగినట్టు కొండ, కొండ నిండా అగ్గిపెట్టెలు పేర్చినట్టు రంగురంగుల ఇళ్ళు. ముందు నిలబడ్డ ఆవిడ ముఖంలో నవ్వుంటుంది గానీ, చెయ్యి మాత్రం మోకాలి మీద ఉంటుంది!

ఆ చోటు పేరు అమాల్ఫీ తీరం. నేపుల్స్ నగరానికి దక్షిణాన సముద్రంలోకి చొచ్చుకుపోయిన కొండల వరస. పొజిటానో, అమాల్ఫీ, అట్రానీ, పైన రవెల్లో, ఇలా చిన్న చిన్న ఊళ్ళు. 1997లో యునెస్కో వారు ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు. వెళ్ళొచ్చిన నలుగురైదుగురిని కూర్చోబెట్టి అడిగాను. అందరూ మొదట చెప్పింది సముద్రం గురించి కాదు, మెట్ల గురించి.

అక్కడ వీధి అంటే మెట్లే. అమాల్ఫీ నడిబొడ్డున ఉన్న పెద్ద చర్చికి వెళ్ళాలంటేనే 62 మెట్లు. అవి లెక్కలోవి కావట. పొజిటానోలో బస్సు పైన రోడ్డు మీద దింపేసి పోతుంది, సముద్రపు ఒడ్డు ఎక్కడో కింద. అక్కడి నుంచి పైనున్న నొచెల్లె అనే పల్లెకి దాదాపు 1,700 మెట్లు. అలిపిరి నుంచి తిరుమలకి 3,550 అంటారు కదా, అందులో ఇంచుమించు సగం అన్నమాట. మనం ముడుపు కట్టుకుని ఏడాదికోసారి ఎక్కేదాన్ని వాళ్ళు కూరగాయల కోసం ఎక్కి దిగుతారు.

మా వదిన వరసావిడ రెండు పెద్ద సూట్‌కేసులతో వెళ్ళింది. బస కొండ మధ్యలో. బస్సు దిగి చూస్తే చక్రాలు దొర్లే జాగాయే లేదు. చివరికి సామాను మోసే మనిషిని పిలిపించి, పెట్టెకింత అని ఇచ్చుకున్నారట. "ఆ డబ్బుతో ఇక్కడ ఓ పట్టుచీర వచ్చేది" అని ఇప్పటికీ అంటుంది. అది కాస్త ఎక్కువ చెప్పడమే అనుకోండి.

అమెరికన్ రచయిత జాన్ స్టెయిన్‌బెక్ 1953లో ఒక ఫ్యాషన్ పత్రికకి పొజిటానో గురించి రాశాడు. తర్వాత నోబెల్ బహుమతి అందుకున్నది ఆయనే. ఆ మెలికల రోడ్డు మీద కారు డ్రైవరు వేగానికి తనూ భార్యా ఒకరినొకరు పట్టుకుని ఏడ్చినంత పనయిందని నవ్వించాడు. ఇంకో మాటా రాశాడు. ఈ ఊరు జనం వచ్చి పాడవుతుందన్న భయం లేదు, ఎందుకంటే అసలు జాగాయే లేదు అని. పాపం, ఆయన లెక్క తప్పింది. జాగా లేకపోయినా జనం వచ్చారు. 2022 నుంచి వేసవి రద్దీ రోజుల్లో బయటివాళ్ళ కార్లకి సరి, బేసి నంబర్ల పద్ధతి పెట్టాల్సి వచ్చింది.

ఇంత కష్టపడి మెట్లెందుకు కట్టుకున్నారు, మరో చోట ఊరు కట్టుకోవచ్చుగా అని మీకు అనిపించవచ్చు. వెయ్యేళ్ళ కిందట అమాల్ఫీ చిన్న ఊరు కాదు. ఓడల వ్యాపారంలో వెనిస్, జెనోవాలతో సమానంగా నిలిచిన రాజ్యం. 1343లో సముద్రం పొంగి ఊరి కింది భాగాన్ని చాలావరకు మింగేసింది. ఓడలు పోయాక మిగిలింది కొండే. ఆ కొండని మెట్లు మెట్లుగా చెక్కి, సున్నం, సిమెంటు లేకుండా రాయి మీద రాయి పేర్చి గోడలు కట్టి, వెనక మట్టి నింపి మడులు చేసుకున్నారు. వాటిలో నిమ్మచెట్లు పెట్టారు. మీద చెస్ట్‌నట్ కర్రలతో పందిరి. చలిగాలి, వడగళ్ళు తగలకుండా పూర్వం పందిరి మీద కొమ్మలు కప్పేవారు, ఇప్పుడు వలలు పరుస్తున్నారు.

ఈ నిమ్మకాయలు కొండ మీద కాస్తాయి, ఓడ కింద ఉంటుంది. మధ్యలో ఎవరు మోశారు? ఆడవాళ్ళు. వాళ్ళని "ఫొర్మికెల్లె" అనేవారు, అంటే చిన్న చీమలు. ఒక్కో గంప యాభై కిలోలకు పైనే. దాన్ని భుజాల మీద పెట్టుకుని, వరసగా, వందల మెట్లు దిగి రేవుకి చేర్చి, మళ్ళీ ఖాళీ గంపతో పైకి. ఒక ట్రిప్పు కాదు, రోజంతా. గత శతాబ్దం మధ్య దాకా ఇదే బతుకు. ఇంటికొచ్చాక వంటా, పిల్లలూ ఎలాగూ వాళ్ళ పనే కదా! ఫోటోలో అందంగా కనిపించే మెట్టు మధ్యలో అరిగి పల్లంగా ఉంటే, అరగదీసిన పాదాల్లో వాళ్ళవీ ఉన్నాయి. నన్నడిగితే చర్చి ఎంత గొప్పదో ఆ మెట్టూ అంత గొప్పదే, కానీ గైడు చర్చి దగ్గర ఆగినంతసేపు మెట్టు దగ్గర ఆగడు.

ఇప్పుడు కొన్ని తోటల్లో కాయలు దింపడానికి చిన్న రైలు పట్టా లాంటిది వేశారు, కొన్నిచోట్ల కంచరగాడిదలు మోస్తాయి. మోత తగ్గింది, మంచిదే. కానీ మడి పని కష్టం, రాబడి తక్కువ. టూరిస్టులకి గది అద్దెకిస్తే అంతకన్నా ఎక్కువ వస్తుంది. పిల్లలు కిందకి దిగిపోతారు. చూసే మనిషి లేకపోతే రాయి జారుతుంది, గోడ కూలుతుంది, మట్టి కిందకి వస్తుంది. ఆ కొండలకి వాన కొత్త శత్రువు కాదు. 1954 అక్టోబరులో ఒక్క రాత్రి కురిసిన కుంభవృష్టికి ఆ చుట్టుపక్కల మూడు వందల మందికి పైగా పోయారు. 2010 సెప్టెంబరు 9న, విస్తీర్ణంలో ఇటలీ మొత్తానికి అతి చిన్న ఊరైన అట్రానీలో, వీధి కింద కప్పేసిన వాగు పైకి తన్నుకొచ్చి ఒక అమ్మాయిని పట్టుకుపోయింది. కాబట్టి నిమ్మతోట నడిపేవాళ్ళు కాయలొక్కటే కాదు, కింద ఊరినీ కాస్తున్నారు. తోటలు చూపించే కుటుంబాలు కొన్ని ఉన్నాయి. బజార్లో నిమ్మకాయ బొమ్మ సబ్బులు కొనే బదులు ఆ రుసుము కట్టి ఓ గంట తోట చూసి రండి.

ఆ నిమ్మకాయ మనది కాదు. కోలగా, కొస తేలి, అరచెయ్యంత ఉంటుంది. తొక్క కింద తెల్లటి కండ దట్టంగా, చేదు లేకుండా ఉంటుంది. దాన్ని చక్రాల్లా తరిగి ఉప్పు, పుదీనా, కాస్త ఆలివ్ నూనె వేసుకుని సలాడ్‌లా తినేస్తారు. మన నిమ్మకాయతో ప్రయత్నించకండి, చేదుకి నోరు వంకర పోతుంది. లిమొంచెల్లో అని పచ్చగా, చల్లగా చిన్న గ్లాసుల్లో ఇస్తారు. నిమ్మరసం అనుకుని గటగటా తాగేరు! తొక్కల్ని సారాయిలో నానబెట్టి చేసే మందు అది. మా కాలనీలో ఒక పిన్నిగారికి ఆ అనుభవం అయింది, ఆ సాయంత్రం ఆవిడకి మెట్లు మామూలుకంటే ఎక్కువ కనిపించాయట.

శాకాహారులకి నిమ్మరసం పాస్తా, టమాటా పాస్తా, పిజ్జా దొరుకుతాయి. కానీ "కొలతూరా" అన్న మాట కనపడితే ఆగండి. చెతారా అనే ఊళ్ళో ఉప్పు చేపల నుంచి దింపే రసం అది, పాస్తాలో కలిపితే పైకి తెలియదు. "ఆలీచి" అన్నా చేపే.

వెళ్ళే వాళ్ళుంటే జూలై, ఆగస్టు వద్దు. ఏప్రిల్, మే గానీ, సెప్టెంబరు చివర గానీ బాగుంటుంది. మోకాళ్ళ నొప్పులుంటే పొజిటానోలో బస వద్దు, అమాల్ఫీలో రేవుకి దగ్గరగా, మెట్లు ఎన్నో ముందే అడిగి గది తీసుకోండి. మనిషికి ఒక్క చిన్న సంచీ చాలు. పట్టు ఉన్న చెప్పులు వేసుకోండి, తడిసిన రాయి జారుతుంది. పొద్దున వచ్చి సాయంత్రం పోయే బస్సు టూరు కన్నా ఒక్క రాత్రి ఉండడం మేలు. జనం పడవలెక్కి పోయాక వీధిలో ఆడవాళ్ళు కుర్చీలు వేసుకుని కూర్చుంటారట, అప్పుడే ఊరు ఊరిలా ఉంటుందని ఇద్దరు చెప్పారు.

రోడ్డు మెలికలకి కడుపులో తిప్పేవాళ్ళు నేపుల్స్ నుంచి రైల్లో సలెర్నో వెళ్ళి, అక్కడ లాంచీ ఎక్కితే సుఖం. అమాల్ఫీకి ముప్ఫై అయిదు నిమిషాలు. చలికాలంలో లాంచీలు ఉండవు, చూసుకోండి. ఎక్కాక కుడివైపు కూర్చోండి. మడులూ, పందిళ్ళ మీద పరిచిన వలలూ, వాటి మధ్య కిందకి దిగే మెట్లూ అటువైపే కనిపిస్తాయి.